ఒరాయన్ నీహారిక – తొలి ఛాయాచిత్రము

1880వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీ రాత్రి, అమెరికాలో న్యూయార్కు నగరమునకు ఉత్తరముగా హడ్సన్ నది యొడ్డున నున్న హేస్టింగ్స్ అను గ్రామమున, హెన్రీ డ్రేపర్ అను వైద్యుడు తన సొంత వేధశాలలో ఒక గాజు ఫలకమును దూరదర్శినికి అమర్చి, 51 నిమిషములసేపు ఆకాశమున ఒకే తావునకు ఎదురుగా నిలిపెను. ఆ తావున ఒరాయన్ మండలములోని మహా నీహారిక యున్నది. తరువాత ఆ ఫలకమును చీకటిగదిలో రసాయన ద్రవములలో కడిగి చూడగా దానిపై ఒక మబ్బుతునక వంటి ఆకృతి, నడుమ కొన్ని చుక్కలు తేలినవి. మానవుడు ఒక నీహారికకు తీసిన మొట్టమొదటి ఛాయాచిత్ర మిదియే.

నేడు అచ్చుపుస్తకములలో కన్నులు చెదరునట్టి రంగులతో నీహారికల చిత్రములను చూచుచున్న మనకు ఆ పటము సామాన్యముగా తోచవచ్చును. కాని దాని వెనుక రెండువందల సంవత్సరములకు పైబడిన వివాద మొకటి కలదు. ఒకే వస్తువును గూర్చి పలువురు సత్యసంధులైన సాక్షులు పలు విధములుగా చెప్పినప్పుడు ఎవరి మాట నమ్మవలెను? ఖగోళశాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్న యిదియే. గాజు ఫలకము ఆ ప్రశ్నకు ఎట్టి సమాధానము చెప్పినదో, ఎంతవరకు చెప్పగలిగినదో చూతము.

ఒరాయన్ మండలము మనకు పరిచయము లేనిది కాదు. మన జ్యోతిశ్శాస్త్రమున చెప్పబడు మృగశిర, ఆర్ద్ర అను నక్షత్రములు రెండును ఈ మండలములోనివే. మార్గశిర పుష్య మాసములలో రాత్రివేళ ఆకాశమున ఒకే వరుసలో సమాన దూరమున మూడు చుక్కలు స్పష్టముగా కనబడును. పాశ్చాత్యులు వానిని వేటగాని నడికట్టుగా భావించిరి. ఆ నడికట్టునుండి క్రిందికి వ్రేలాడు ఖడ్గమువలె మరికొన్ని చిన్నచుక్కలు కలవు. వానిలో నడిమిది తక్కిన చుక్కలవలె సూదిమొనగా గాక, కొంచెము మసకగా, ఊదిన ఆవిరివలె నుండును. అదియే నీహారిక. చీకటి రాత్రి, కన్నులు మంచివైనచో, యంత్రసహాయము లేకయే దానిని గుర్తింపవచ్చును.

దూరదర్శిని పుట్టిన కొలదికాలమునకే, 1610లో, ఫ్రాన్సు దేశీయుడైన పెరెస్క్ అను పండితుడు దీనిని చూచెను. 1656లో హాలెండు దేశీయుడైన హైగెన్స్ దీనిని పరిశీలించి, తాను చూచినదానిని బొమ్మగా గీసి, 1659లో శనిగ్రహమును గూర్చి వ్రాసిన గ్రంథమున ప్రకటించెను. 1769లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మెస్సియే దీనిని పరిశీలించి తన పట్టికలో 42వ సంఖ్య నిచ్చెను. తోకచుక్కలను వెదకుట ఆయనకు వ్యసనము. తోకచుక్కలని భ్రమింపజేయు మసక వస్తువులను ముందుగనే గుర్తుపెట్టుకొనుటకై ఆయన ఆ పట్టికను కూర్చెను. ఆ విధముగా, చూడదగిన వస్తువని గాక, మోసపోకుండుటకై గుర్తుంచుకొనవలసిన వస్తువని నీహారిక శాస్త్రపు లెక్కలలోనికి వచ్చినది.

1774లో విలియం హెర్షెల్ ఇంగ్లండులో తాను స్వయముగా చేసికొన్న దూరదర్శినితో ఈ నీహారికను చూచెను. హైగెన్స్ గీసిన బొమ్మకును, తాను చూచుచున్న రూపమునకును పొంతన కుదరలేదు. నీహారిక మారినదా? లేక బొమ్మ తప్పా? ఆయన కుమారుడు జాన్ హెర్షెల్ ఒక పటము గీసి 1826లో ప్రకటించెను. తరువాత దక్షిణాఫ్రికాకు పోయి, అచట నీహారిక నడినెత్తికి చేరువగా వచ్చునప్పుడు మరల ఎంతో శ్రమపడి మరియొక పటము గీసెను. ఒకే మనిషి గీసిన ఆ రెండు పటములును ఒకదానితో నొకటి సరిపోలలేదు. అమెరికాలో హార్వర్డు వేధశాలలో జార్జి బాండ్ అను శాస్త్రజ్ఞుడు క్షయరోగముతో బాధపడుచు, 1865లో మరణించువరకు ఈ నీహారికా చిత్రణమునందే తన శక్తిని వినియోగించెను. ఆయన పటము అందరి పటములకంటె మేలైనదని పేరుగాంచినది. అయినను అదియు ఒక మనిషి కన్ను చూచి, ఒక మనిషి చేయి గీసినదే.

చిత్రలేఖనమునందలి కష్టమెట్టిదో గ్రహింపవలెను. పరిశీలకుడు చీకటిలో దూరదర్శినిలోనికి చూడవలెను. చూచినదానిని కాగితముపై పెట్టుటకు దీపము కావలెను. దీపము వెలుగు సోకినంతనే కంటికి చీకటిలో అలవడిన సూక్ష్మదృష్టి పోవును. మరల అది అలవడుటకు అరగంట పట్టవచ్చును. ఇక వస్తువా, అంచులేని మసక. ఎచట వెలుగు తీరి చీకటి ఆరంభమైనదో నిర్ణయించుటకు ఏ కొలబద్దయు లేదు. ఒకరి దూరదర్శిని పెద్దది, ఒకరిది చిన్నది; ఒకరి ఆకాశము నిర్మలము, ఒకరిది మంచుతో నిండినది. ఇట్టి స్థితిలో రెండు పటములకు తేడా యున్నచో ఆ తేడా నీహారికలోనిదో, గీసినవానిలోనిదో చెప్పుటెట్లు?

నీహారిక స్వభావమును గూర్చి మరియొక వివాదము సాగుచుండెను. ఐర్లండులో రాస్ ప్రభువు 6 అడుగుల వెడల్పుగల దర్పణముతో నిర్మించిన దూరదర్శిని ఆనాటికి ప్రపంచమున అన్నిటికంటె పెద్దది. దానితో చూచి, ఈ నీహారిక దూరముచే కలిసిపోయినట్లు కనబడు నక్షత్రముల రాశియేయని ఆయన 1846 ప్రాంతమున తలచెను. హార్వర్డు వేధశాలవారును ఆ మాటనే బలపరచిరి. కాని 1864లో ఇంగ్లండులో విలియం హగ్గిన్స్ దూరదర్శినికి వర్ణపటదర్శినిని జోడించి ఒక చిన్న నీహారిక వెలుగును విడదీసి చూచెను. నక్షత్రముల వెలుగైనచో ఇంద్రధనుస్సువలె ఎడతెగని రంగుల పట్టీ కనబడవలెను. అట్లుగాక చీకటిలో కొన్ని ప్రకాశవంతమైన గీతలు మాత్రమే కనబడినవి. అట్టి గీతలు జ్వలించు వాయువునకు లక్షణము. ఒరాయన్ నీహారికయు ఆ కోవలోనిదేయని త్వరలోనే తేలినది. గొప్ప దూరదర్శినులచే చూచిన గొప్పవారి కన్నులు అచట లేని నక్షత్రరాశిని చూచినట్లైనది. కంటి సాక్ష్యమునకు ఇంతకంటె పెద్ద దెబ్బ మరియొకటి తగులలేదు.

మరి ఛాయాగ్రహణ విద్య 1839 నాటికే లోకమునకు తెలిసియున్నదిగదా, నీహారిక చిత్రమునకు 1880 వరకు ఏల ఆగవలసి వచ్చెను? 1840లోనే హెన్రీ డ్రేపర్ తండ్రి జాన్ విలియం డ్రేపర్ న్యూయార్కులో చంద్రునికి ఛాయాచిత్రము తీసెను. 1850లో హార్వర్డు వేధశాలలో అభిజిత్తు నక్షత్రమునకు చిత్రము తీసిరి. కాని చంద్రుడు, ఉజ్జ్వలమైన నక్షత్రము వేరు. విశాలముగా పరచుకొన్న పలుచని వెలుగు వేరు. నక్షత్రపు కాంతి యంతయు ఒక్క బిందువునందు కూడును. నీహారిక కాంతి వ్యాపించి యుండుటచే ఫలకముపై ఏ ఒక్క తావునను బలముగా పడదు.

1851 నుండి వాడుకలోనికి వచ్చిన కలోడియన్ పద్ధతిలో గాజుపై మందు పూసి, అది తడిగా నున్నప్పుడే చిత్రము తీయవలెను. కొలది నిమిషములలో తడి ఆరిపోయి ఫలకము కాంతిని గ్రహించు శక్తిని కోల్పోవును. గంటసేపు వెలుగును కూడబెట్టవలసిన పనికి ఆ ఫలకము పనికిరాదు. 1871లో ఇంగ్లండులో రిచర్డ్ లీచ్ మాడక్స్ అను వైద్యుడు వెండి లవణములను జిలాటిన్ జిగురులో కలిపి పూసిన పొడి ఫలకమును సూచించెను. 1878 ప్రాంతమున దానికి మెరుగులు దిద్ది, తడి ఫలకముకంటె ఎన్నోరెట్లు సూక్ష్మగ్రాహిగా చేసిరి. 1879లో డ్రేపర్ ఇంగ్లండు పోయి హగ్గిన్స్‌ను కలిసికొన్నప్పుడు ఈ పొడి ఫలకముల గుణమును హగ్గిన్స్ ఆయనకు తెలిపెను. నీహారికా చిత్రమునకు కావలసిన మొదటి పరికర మట్లు లభించినది.

డ్రేపర్ 1837లో జన్మించెను. ఇరువది సంవత్సరములకే వైద్యవిద్య ముగించెను గాని, పట్టము పుచ్చుకొనుటకు వయస్సు చాలనందున 1857లో ఐరోపా యాత్ర చేసెను. ఆ యాత్రలో రాస్ ప్రభువు దూరదర్శినిని చూచెను. ఛాయాగ్రహణమును దూరదర్శినితో కలుపవలెనను సంకల్ప మప్పుడే ఆయన మనస్సున నాటుకొనెను. తిరిగివచ్చి వైద్యవృత్తియందును, పిదప న్యూయార్కు విశ్వవిద్యాలయమున అధ్యాపకవృత్తియందును ఉండుచు, తీరిక సమయమున తండ్రి తోటలో వేధశాల కట్టుకొని, దర్పణములను తన చేతులతోనే అరగదీసి, మెరుగుపెట్టి, వెండిపూత పూసెను. 1872లో 28 అంగుళముల దర్పణముగల దూరదర్శినిని పూర్తిచేసెను. ఆ యేడే దానితో అభిజిత్తు నక్షత్రపు వర్ణపటమునకు చిత్రము తీయగా అందు నల్లని గీతలు స్పష్టముగా పడినవి. నక్షత్రపు వర్ణపట రేఖలు ఛాయాచిత్రమున కనబడుట అదియే మొదలు.

ఆయన భార్య మేరీ ఆనా పామర్. 1867లో వారి వివాహము జరిగినది. ఆమె వేధశాలలో భర్తకు కుడిభుజము. ఫలకములకు మందు పూయుట, కాలము లెక్కించుట, చిత్రములను కడుగుట మున్నగు పనులలో ఆమె ఆరితేరినది. ఈ సంగతి ముందుముందు కథకు అవసరము కనుక ఇచట చెప్పుచున్నాను.

1880లో డ్రేపర్ ఆల్వన్ క్లార్క్ సంస్థవారు చేసిన 11 అంగుళముల కటకముగల దూరదర్శినిని సంపాదించెను. కంటికి ఇంపైన పసుపు కాంతిని ఒకచోట కూర్చు కటకము ఫలకమునకు ఇంపైన నీలకాంతిని ఆ చోటనే కూర్చదు. అందుచే ఛాయాగ్రహణమునకై ముందు తగిలించుకొను సవరణ కటక మొకటి ఆ దూరదర్శినికి చేయబడినది. మిగిలినది చలన సమస్య. భూమి తిరుగుటచే ఆకాశమంతయు నాలుగు నిమిషముల కొక భాగ చొప్పున పడమటికి జరుగుచుండును. 51 నిమిషములలో నీహారిక దాదాపు 13 భాగలు కదలును. చంద్రబింబము వెడల్పు అర భాగయేయని తలచినచో ఆ కదలిక ఎంతదో తెలియును. అంతసేపును దూరదర్శిని వెండ్రుకవాసి తప్పక వెంట నడువవలెను. ఇందులకై దూరదర్శినిని భూమ్యక్షమునకు సమాంతరమైన ఇరుసుపై నిలిపి, గడియారపు యంత్రముతో త్రిప్పెదరు. యంత్రము తొందరపడినను, తడబడినను చుక్కలు గీతలుగా సాగిపోవును. మంచి యంత్రము కుదురువరకు డ్రేపర్ అనేక యంత్రములను చేసి చూచెను.

కన్నునకును ఫలకమునకును గల ముఖ్యభేద మిచట చెప్పవలెను. కన్ను వెలుగును క్షణములో పదియవవంతు కాలము మాత్రమే పోగుచేసి, దానిని వదలి మరల క్రొత్తగా చూచును. గంటసేపు తదేకముగా చూచినను మొదటి క్షణమున కనబడని సన్నని వెలుగు చివరి క్షణమున ఎక్కువ కాదు. ఫలకము అట్లుగాదు. ప్రతి క్షణమున పడిన వెలుగును వెనుకటి దానికి చేర్చుకొనుచు పోవును. చుక్కచుక్కగా కారు ధారతో కుండ నిండినట్లు, ఓపిక యున్నచో ఎంత సన్నని వెలుగైనను ఫలకముపై జాడ విడుచును.

ఈ ఓపికయే డ్రేపర్ తరువాతి పని. 1881 మార్చిలో 104 నిమిషములు, 1882 మార్చి 14న 137 నిమిషములు ఫలకమును వెలుగున కప్పగించెను. 104 నిమిషముల చిత్రమున 14.7 తరగతి నక్షత్రములు పడినవని ఆయన లెక్కించెను. కంటికి కనబడు కడపటి చుక్కలు 6వ తరగతివి. తరగతి సంఖ్య పెరిగినకొలది వెలుగు తగ్గును. 1882 మార్చిలోనే డ్రేపరును, సముద్రమున కావలిగట్టున హగ్గిన్సును, ఎవరికి వారుగా ఈ నీహారిక వర్ణపటమునకును ఛాయాచిత్రములు తీసిరి.

అదే సంవత్సరము ఎడ్వర్డ్ హోల్డెన్ అను శాస్త్రజ్ఞుడు హైగెన్స్ కాలమునుండి వచ్చిన పటములన్నిటిని ఒకచోట చేర్చి పోల్చి ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. డ్రేపర్ చిత్రమునకును అందు స్థానము లభించినది. నీహారిక రూపురేఖలు మారలేదు, కాని కొన్ని భాగముల వెలుగు హెచ్చుతగ్గులగుచున్నట్లున్నదని హోల్డెన్ తీర్పు. చేతిగీతలపై ఆధారపడిన తీర్పునకు అంతకుమించిన గట్టితనము రాదు. ఇకముందు ఒక ఛాయాచిత్రమును, పది యిరువది ఏండ్ల తరువాత అదే తీరున తీసిన మరియొక ఛాయాచిత్రముతో పోల్చినప్పుడే మార్పు ఉన్నదో లేదో తేలును. డ్రేపర్ ఆశయమును అదియే. తన ఫలకములు తన కొరకు గాక రాబోవు పరిశీలకుల కొరకని ఆయన యెరుగును.

అయితే ఆ పోలిక చూచు భాగ్య మాయనకు లేకపోయినది. 1882 శరత్కాలమున రాకీ పర్వతములకు వేటకై పోయి అచట మంచుతుఫానులో చిక్కుకొనెను. ఇంటికి తిరిగివచ్చి, జాతీయ విజ్ఞాన పరిషత్తు సభ్యులకు తన గృహమున విందుచేసిన కొలది దినములకే ఊపిరితిత్తుల పొరవాపుతో నవంబరు 20వ తేదీన మరణించెను. అప్పటి కాయన వయస్సు 45 సంవత్సరములు.

మూడు నెలలైనను గడువకముందే పని మరియొకరి చేతిలోనికి వచ్చినది. లండను చెంత ఈలింగ్‌లో ఆండ్రూ కామన్ అను ఇంజనీరు ఉండెను. మురుగుకాల్వల నిర్మాణము వంటి పారిశుధ్యపు పనులు ఆయన వృత్తి. ఆకాశము ఆయన ఆసక్తి. ఇంటితోటలో 36 అంగుళముల దర్పణముగల దూరదర్శినిని నెలకొల్పుకొని, 1883 జనవరి 30న ఒరాయన్ నీహారికకు చిత్రము తీసెను. డ్రేపర్ కటకముకంటె ఈ దర్పణము వెడల్పున మూడురెట్లకు పైబడినది. పైగా వెడల్పుతో పోల్చినచో దాని నాభిదూరము తక్కువ. నీహారిక వంటి పరచుకొన్న వెలుగునకు ఇదియే ముఖ్యము. ప్రతిబింబము చిన్నదై వెలుగు దట్టముగా పడును. కామన్ చిత్రమున ఆ దూరదర్శినిలోనే కన్నుపెట్టి చూచినను కనబడని నక్షత్రములు పడినవి. అంతవరకు ఛాయాచిత్రము కంటికి కనబడినదానిని భద్రపరచు సాధనము. నాటినుండి కంటికి కనబడనిదానిని కనుగొను సాధన మైనది. 1884లో ఇంగ్లండు రాజకీయ ఖగోళ సంఘమువారు కామన్‌కు బంగారు పతకము నిచ్చిరి.

ఈ మార్పును మరింత రూఢిపరచిన సంఘటన 1885 నవంబరులో పారిస్ నగరమున జరిగినది. పాల్, ప్రాస్పెర్ అను హెన్రీ సోదరులు కృత్తికలకు చిత్రము తీయగా, వానిలో మాయా అను నక్షత్రమును చుట్టుకొని అంతవరకు ఎవ్వరును ఎరుగని నీహారిక యొకటి ఫలకముపై కనబడినది. ఆ ఉత్సాహముతోనే 1887లో పారిస్‌లో అంతర్జాతీయ సభ జరిగి, ఆకాశమునంతయు వేధశాలలవారు పంచుకొని ఛాయాచిత్రములు తీయవలెనని నిర్ణయించిరి.

ఈ మహాయత్నములో తెలుగునేలకును భాగము కలదు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ అను ఖగోళాభిమాని స్థాపించి, ఆయన యనంతరము 1908లో నిజాము ప్రభుత్వము నడుపజొచ్చిన నిజామియా వేధశాలకు, ఖగోళ విషువద్వృత్తమునకు దక్షిణమున 17 మొదలు 23 భాగల వరకుగల వలయము అప్పగింపబడినది. అంతకుముందు ఆ వలయమును ఒప్పుకొన్నవారు పని సాగింపలేకపోయిరి. ఛాయాగ్రహణమునకు ప్రత్యేకించిన దూరదర్శినితో హైదరాబాదువారు ఆ వలయమునకు చిత్రములు తీసి, ఫలకములపై ఒక్కొక్క చుక్క స్థానమును కొలిచి, లక్షలకొలది నక్షత్రముల పట్టికలను సంపుటములుగా ప్రకటించిరి. హేస్టింగ్స్ గ్రామమున 51 నిమిషములతో మొదలైన విద్య ముప్పది నలువది ఏండ్లలో మూసీతీరమునకు చేరినదన్నమాట.

ఇక మేరీ డ్రేపర్ సంగతి. భర్త మరణించిన తరువాత ఆయన పరికరములతో ఆమె స్వయముగా పని కొనసాగింపవలెనని తలచెను గాని అది ఒంటరిగా సాగునది కాదు. 1886 నుండి హార్వర్డు వేధశాలకు ధనమిచ్చి, నక్షత్రముల వర్ణపటములకు ఛాయాచిత్రములు తీసి వర్గీకరించు పనిని భర్త పేర స్థాపించెను. అచట ఫలకములను పరీక్షించినవారు స్త్రీలు. స్కాట్లండు నుండి వచ్చి, వేధశాలాధ్యక్షుడు పికరింగ్ ఇంట పనిమనిషిగా చేరిన విలియమినా ఫ్లెమింగ్ వారికి పెద్ద. 1890లో ప్రకటింపబడిన మొదటి పట్టికలో పదివేలకు పైగా నక్షత్రములు కలవు. 1918 మొదలు 1924 వరకు ఆనీ జంప్ కానన్ కృషిచే వెలువడిన పట్టికలో 2,25,300 నక్షత్రములు కలవు. వానికి నేటికిని హెన్రీ డ్రేపర్ సంఖ్యలతోనే వ్యవహారము.

1888లో తీసిన ఒక ఫలకమును పరీక్షించుచు ఫ్లెమింగ్, ఒరాయన్ మండలముననే, నడికట్టులోని కడపటి చుక్కకు దిగువన, వెలుగునడుమ గుర్రపుతల ఆకారముగల ఒక చీకటి చీలికను గుర్తించెను. నేడు గుర్రపుతల నీహారికయని ప్రసిద్ధికెక్కినది అదియే. కాని 1895లో వెలువడిన నీహారికల పట్టికలో ఆ వేధశాలలో దొరికినవానికి పికరింగ్ పేరు మాత్రమే చేరినది. ఫ్లెమింగ్ పేరు లేదు. 1908 నాటి రెండవ పట్టికలో గాని ఆమె పేరునకు చోటు దొరకలేదు. ఫలకము ఎవరిని చూచినను పక్షపాతము లేక చూచును. ఫలకమును గూర్చి పుస్తకము వ్రాయువారికి ఆ గుణము ఎల్లప్పుడు ఉండదు.

అట్లని ఫలకపు సాక్ష్యమునకు లోపమే లేదనుట పొరపాటు. ఒరాయన్ నీహారిక నడుమ నాలుగు నక్షత్రముల చిన్న గుంపు కలదు. పలుచని అంచులు పడవలెనని ఎక్కువసేపు ఉంచినచో నడుమ భాగమంతయు వెలుగుతో నిండి ఆ నాలుగు చుక్కలు మునిగిపోవును. అవి విడిగా పడవలెనని తక్కువసేపు ఉంచినచో అంచులు పడవు. కన్ను రెంటిని ఒక్కమారు చూడగలదు, ఫలకము చూడలేదు. ఇక రంగు సంగతి. దూరదర్శినిలో చూచువారికి ఈ నీహారిక లేత ఆకుపచ్చ ఛాయతో కనబడును. ఆనాటి ఫలకములకు నీలము, ఊదా వర్ణములును, కంటికి కనబడని అతినీలలోహిత కాంతియు మాత్రమే తెలియును. నీహారికలో మెండుగా నున్న ఉదజని వాయువు వెదజల్లు ఎఱ్ఱని వెలుగు ఆ ఫలకములపై పడనేలేదు. ఎరుపును గ్రహించు ఫలకములు ఇరువదవ శతాబ్దమున వాడుకకు వచ్చినవి. రంగుల ఫిల్ముపై తీసిన నీహారికల చిత్రములు 1959లో పాలొమార్ వేధశాలనుండి వెలువడినప్పుడు లోకము ఆశ్చర్యపడినది. కనుక పటమును ఛాయాచిత్రముతో పోల్చుట వేర్వేరు రంగుల వెలుగును చూచిన ఇద్దరు సాక్షులను పోల్చుట వంటిదే.

ఆకుపచ్చ వెలుగునకు కారణము చిరకాలము అంతుపట్టలేదు. హగ్గిన్స్ చూచిన ఆ గీతలు భూమిపై ఏ మూలకమునకును చెందనివిగా తోచుటచే దానికి నెబ్యూలియం అని ఒక క్రొత్త మూలకమునే కల్పించిరి. 1927లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఐరా బోవెన్ ఆ చిక్కు విడదీసెను. అది క్రొత్త మూలకము గాదు, రెండు ఎలక్ట్రానులను కోల్పోయిన ఆమ్లజని. అత్యంతము పలుచనైన వాయువునందు మాత్రమే అట్టి వెలుగు పుట్టును. నీహారిక నడుమనున్న ఉష్ణనక్షత్రముల అతినీలలోహిత కాంతి వాయుకణములనుండి ఎలక్ట్రానులను వెడలగొట్టుటచే ఆ మేఘమంతయు జ్వలించుచున్నది.

మరి నీహారికలు మారునా యను మొదటి ప్రశ్న ఏమైనది? ఒరాయన్ నీహారిక సంగతి యెట్లున్నను, ప్రశ్నకు సమాధానము వేరొకచోట దొరకినది. 1916లో ఎడ్విన్ హబుల్ కొన్ని సంవత్సరముల అంతరముతో తీసిన ఫలకములను పోల్చి, ఏకశృంగి మండలములోని ఒక చిన్న నీహారిక రూపము మారుచున్నదని చూపెను. 1921లో జాన్ డంకన్ వృషభమండలములోని కర్కట నీహారికకు 1909లో తీసిన చిత్రమును, తాను తీసిన చిత్రముతో పోల్చి, అందలి తంతువులు నడిమినుండి వెలికి జరుగుచున్నవని కనుగొనెను. ఆ వేగమునుబట్టి వెనుకకు లెక్కింపగా, సుమారు తొమ్మిదివందల ఏండ్ల క్రిందట ఆ పదార్థమంతయు ఒకే బిందువున ఉండవలెనని తేలినది. 1054లో అదే తావున క్రొత్త నక్షత్ర మొకటి వెలిగినదని చీనాదేశపు చరిత్రకారులు వ్రాసియుంచిరి. పగిలిన నక్షత్రపు శకలములే ఆ నీహారిక. పండ్రెండేండ్లలో వెండ్రుకవాసిగా జరిగిన తంతువును ఏ చిత్రకారుని చేయియు పట్టియిచ్చియుండదు.

గాజు ఫలకముల కాలమును ఇప్పుడు గడచిపోయినది. ఎలక్ట్రాను సాధనములు వాని స్థానము నాక్రమించినవి. 1990లో అంతరిక్షమునకు పంపబడిన హబుల్ దూరదర్శిని చిత్రములలో, ఒరాయన్ నీహారికలోని బాలనక్షత్రములను చుట్టుకొనియున్న ధూళిచక్రములను ఓడెల్ అను శాస్త్రజ్ఞుడు 1992లో గుర్తించెను. అట్టి చక్రములనుండియే గ్రహములు పుట్టునని శాస్త్రజ్ఞుల నిర్ణయము. మనకు సుమారు 1,300 కాంతి సంవత్సరముల దూరమున, దాదాపు 24 కాంతి సంవత్సరముల వెడల్పున పరచుకొనియున్న ఆ మేఘము నక్షత్రములకు పురిటిల్లని నేడు మనమెరుగుదుము.

రాబోవు మార్గశిరమున, మబ్బు లేని రాత్రి, దీపముల కెడముగా నిలిచి ఆ మూడు చుక్కల క్రిందికి చూడుడు. కంటికి కనబడునది హైగెన్స్ చూచిన మసకయే. అంతకుమించి కన్ను చూపజాలదు. దానినుండి నేడు మన కన్నును చేరు వెలుగు బయలుదేరి పదమూడు శతాబ్దములైనది. హేస్టింగ్స్‌లో డ్రేపర్ ఫలకముపై పడిన వెలుగునకు దీనికి నడుమ నూటనలువదికి పైబడిన ఏండ్ల దూరము మాత్రమే కలదు.